చావడానికి ఒప్పుకోని గాయకుడి పుట్టినరోజు

మా సంఘంలో పుట్టినరోజు జరిపించుకోవాలంటే ముందు చచ్చిపోయి ఉండాలి. అది మొదటి నియమం. రెండోది, ఆ చచ్చినవాడు బతికినన్నాళ్ళూ పాడి ఉండాలి, లేదా బుజుకి తంతులు మీటి ఉండాలి, కనీసం ఎవరో వాయిస్తుంటే పక్కన తాగి పడిపోయి ఉండాలి. మూడోది, ఏ సంగీతకారుణ్ణి ఎవరు బల్ల దగ్గరికి తెచ్చారో ఆ రోజుకి వాళ్ళే ఆయన. మా వైపు పుట్టినరోజు ఎవరిదో విందు పెట్టేది వాళ్ళే. చచ్చినవాడు లేచొచ్చి విందు పెట్టలేడు గనక, వాడి పాటని ప్రేమించినవాడు పెట్టాలి.

మా గ్రీసులో, వోలోస్ రేవులో, పడవలకి ఎదురుగా, రిజోస్ సారాకొట్టు ఉంది. గురువారం మధ్యాహ్నాలు అక్కడ కలుస్తాం. త్సిపురో అనే ద్రాక్షసారా చిన్న సీసా వస్తుంది, దానితో ఒక పళ్ళెం వస్తుంది. రెండో సీసాతో ఇంకాస్త మంచి పళ్ళెం. ఐదో సీసాకి వేయించిన రొయ్యలు. ఆరో సీసాకి ఏం వచ్చిందో మాలో ఎవరికీ గుర్తుండదు. ఆ వేళకి సముద్రం నిద్రలో పక్కకి ఒత్తిగిల్లుతుంది, పాటలు మొదలవుతాయి.

చచ్చినవాళ్ళకి మాత్రమే అన్న నియమం ఊరికే పుట్టలేదు. మొదటి ఏడాది తెలియక, బతికున్న ఒక బుజుకి ముసలాయన పుట్టినరోజు చేశాం. ఆయనకి ఎవరో చెప్పారు. ఆయన వచ్చాడు. మూడు రోజులు ఉన్నాడు. ఆక్టోపస్ అంతా తిన్నాడు, పాత పాటలు వాయించమంటే కొత్తవి వాయించాడు, రిజోస్ అత్తగారికి పెళ్ళి ప్రస్తావన తెచ్చాడు. ఆయన వెళ్ళాక మా అధ్యక్షుడు వ్రసీదాస్ లేచి, బతికున్న కళాకారుడంత పెద్ద నిరాశ ఇంకోటి లేదని ప్రకటించి, నియమం రాయించాడు.

వ్రసీదాస్ గురించి చెప్పాలి. పన్నుల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. జీవితంలో ఒక్కసారైనా ఎర్రదీపం దగ్గర ఆగకుండా పోయిన మనిషి కాదు. అలాంటివాడు ఆరాధించేది జైలు పక్షుల్ని, గంజాయి గుహల్లో గొంతులు కాల్చుకున్నవాళ్ళని, కత్తిపోటుతోనో క్షయతోనో ముప్పై ఏళ్ళకే వెళ్ళిపోయినవాళ్ళని. వాళ్ళ రికార్డుల్లో పాట కన్నా గీతల చప్పుడు ఎక్కువ. ఆ గీతల్ని కూడా కళ్ళు మూసుకుని వింటాడు. ప్రతి పుట్టినరోజుకీ చచ్చినవాడి ఫొటో ముందు గ్లాసెత్తి, "నూరేళ్ళు బతుకు" అంటాడు. ఇరవై తొమ్మిదేళ్ళకే పోయినవాడితో ఆ మాట ఎలా అంటావయ్యా అని అడిగితే, పుట్టినరోజుకి అనే మాట అదే, మార్చే అధికారం మనకి లేదంటాడు.

ఈ మగమేళంలో ఒక్కతే ఆడది, లెమోన్యా. ఈ కథ ఆవిడది.

లెమోన్యా నేయా ఇయోనియాలో, కాందిశీకుల పేటలో పుట్టింది. వాళ్ళ నాయనమ్మ స్మిర్నా నుంచి ఒక కుట్టుమిషను, ఒక శాపనార్థాల సంచి తెచ్చుకుంది. మనవరాలికి రెండూ దక్కాయి. పద్దెనిమిదేళ్ళకి మంగలికొట్టు పెట్టింది. ఆడవాళ్ళ కొట్టు; తలలు కడిగి, చుట్టి, ఆరబెట్టి, రంగేసి పంపించేది. ఊళ్ళో ఏ పెళ్ళికూతురి కొప్పులో ఎన్ని పిన్నులున్నాయో ఆవిడకి తెలుసు, ఏ కొప్పు కింద ఏ సంగతి దాచారో కూడా తెలుసు. మొగుడు మంచివాడే, తొందరగా పోయాడు. ఆయన ఎలాంటివాడని అడిగితే, "మెత్తటి జుట్టు" అని ఊరుకునేది.

కొట్లో ఎప్పుడూ రేడియో మోగేది. రేడియోలో ఎప్పుడూ అర్గీరిస్ మెలిదోనిస్.

మెలిదోనిస్ పాటలు వేరే జాతి. జనం పువ్వులు విసిరి, పళ్ళేలు పగలగొట్టి, పాడేవాడు ఏడిస్తే తామూ ఏడ్చే పాటలు. "నువ్వెళ్ళావు, నా కారు కూడా వెళ్ళింది" అన్న తరహావి. వాటికి మా దేశంలో కుక్కపాటలని పేరు. చదువుకున్నవాళ్ళు ఆ మాట అనేటప్పుడు మూతి విరుస్తారు, తర్వాత ఇంటికి పోయి స్నానాల గదిలో అవే పాడతారు.

ఒక వేసవిలో మెలిదోనిస్ వోలోస్‌లో పాడటానికి వచ్చాడు. ఆ సాయంత్రం, కచేరీకి కాస్త ముందు, లెమోన్యా కొట్టు వెనక తలుపు ఎవరో తట్టారు. తలకి తువ్వాలు చుట్టుకుని, నిండు సూటు వేసుకుని, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డసంచి. సంచిలో ఆయన జుట్టు. దేశమంతా ఆడవాళ్ళు కలలు కన్న ఆ నల్లటి ఉంగరాల జుట్టు పెట్టుడు జుట్టు. రేవులో దిగుతుంటే గాలికి ఎగిరి చేపల వలలో పడి, చిరిగి, సార్డీన్ల వాసన కొట్టింది. లెమోన్యా ఏమీ అడగలేదు. కడిగింది, నాయనమ్మ మిషను మీద దాని అడుగుగుడ్డ కుట్టింది, ఆరబెట్టింది, ఆయన తల మీద పెట్టి దువ్వింది. ఆ బట్టతల నున్నగా, వెచ్చగా, అప్పుడే ఓవెన్ నుంచి తీసిన రొట్టెలా ఉందని, గుట్టు బయటపడ్డాక నాతో చెప్పింది. ఆ రోజు వేదిక మీద మెలిదోనిస్ పాట మధ్యలో ఆగి, "ఈ పాట నా తల కాపాడిన అమ్మాయికి" అన్నాడు. జనం అది ప్రేమకథ అనుకుని అరిచారు. లెమోన్యా ఆరో వరసలో కూర్చుని ఉంది. ఎవరితోనూ అనలేదు. ఊరి రహస్యాలన్నీ నవ్వుతూ పంచిన మనిషి, ఈ ఒక్కటి నలభై ఏళ్ళు నోట్లో బఠాణీలా దాచుకుంది.

మా బల్ల దగ్గర వంతులవారీగా ఒక్కొక్కరం ఒక పాట వినిపిస్తాం. పాట అయ్యేదాకా నోరెత్తకూడదు, అయ్యాక ఎంతైనా తిట్టుకోవచ్చు. లెమోన్యా వంతు చివర. సరిగ్గా రొయ్యలొచ్చే వేళకి. ఆవిడ మెలిదోనిస్‌ని పెట్టేది, మేమందరం పాట వినబడకుండా రొయ్యల తోకలు విరిచేవాళ్ళం, వ్రసీదాస్ కొంచెం గట్టిగా విరిచేవాడు. పద్దెనిమిదేళ్ళుగా అందరి చచ్చినవాళ్ళకీ ఆవిడ కేకు కోసింది, అందరి ఫొటోల ముందూ గ్లాసెత్తింది. ఆవిడ మనిషికి మాత్రం బల్ల దొరకలేదు. ఎందుకంటే వాడు చావలేదు.

"ఎలా ఉన్నాడు మీవాడు?" అని రిజోస్ అడిగేవాడు, పళ్ళేలు పెడుతూ.

"దున్నపోతులా ఉన్నాడు," అనేది లెమోన్యా దిగులుగా.

ఈ అక్టోబరులో ఆవిడ గుండె మొరాయించింది. లారిసా ఆసుపత్రిలో సోమవారం కోస్తామన్నారు. ఆ వయసులో కోస్తే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, గది పైకప్పు వంక చూశాడట. అంతకు ముందు గురువారం మెలిదోనిస్ పుట్టినరోజు. దానికి వారం ముందే ఆవిడ మా ముందుకి వచ్చి కూర్చోకుండానే అడిగింది, ఈ ఒక్కసారికి నియమం పక్కన పెట్టమని. తను లేకపోతే వాడి పేరు ఈ బల్ల దగ్గర ఎత్తేవాళ్ళుండరని, అది తనకి తెలుసని.

వ్రసీదాస్ గొంతు సవరించుకున్నాడు. నియమం మనుషులకోసం మారితే నియమం కాదన్నాడు. పైగా కుక్కపాటల సంగతి వేరే ఉందన్నాడు. నేను నియమం తీసేద్దామన్నాను, రిజోస్‌కి ఓటు లేదు, మిగిలిన ముగ్గురూ పళ్ళేల్లోకి చూశారు. లెమోన్యా చేతిసంచి తీసుకుంది.

"సరే. వాడికి ఫోన్ చేసి త్వరపడమని చెప్తాలే," అంది.

మూడోరోజు పొద్దున రిజోస్ రొప్పుతూ మా ఇంటికొచ్చాడు. కస్టమ్స్ ఆఫీసు మూల, కరెంటు స్తంభానికి చావు కాగితం అంటించి ఉందన్నాడు. నల్ల అంచు, శిలువ, మధ్యలో పేరు: అర్గీరిస్ మెలిదోనిస్. మేమిద్దరం వ్రసీదాస్‌ని లేపుకొచ్చాం. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఇంటిపేరు చదివాడు, పేరు చదివాడు, కాగితం కింద ముద్రాక్షరశాల పేరు కూడా చదివాడు. తర్వాత టోపీ తీశాడు.

"కాగితం స్పష్టంగా ఉంది. పోయాడు," అన్నాడు. ఆ మాటలో నాకు కాస్త ఓటమి వినబడింది. ఇప్పుడు నియమం ఆయన మెడకే చుట్టుకుంది.

లెమోన్యాని కూడా స్తంభం దగ్గరికి పిలుచుకొచ్చాం. ఆవిడ ఏడుస్తుందని రిజోస్ ఒక కుర్చీ కూడా మోసుకొచ్చాడు. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. కాగితాన్ని పైనుంచి కిందకి నింపాదిగా చదివింది. గాలికి దాని మూల ఒకటి లేచి పడుతోంది. ఆవిడ వేలితో నొక్కి అతికించింది, ఎవరి నుదుటి మీదో వెంట్రుక సర్దినట్టు.

"మీవాడేగా?" అన్నాడు వ్రసీదాస్.

"పేరు అదేగా అధ్యక్షా," అంది ఆవిడ.

గురువారం రిజోస్ కొట్టు మునుపెన్నడూ అలా వెలగలేదు. లెమోన్యా జుట్టుకి కొత్తగా రంగేసుకుని వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళేముందు ఎవరికోసమమ్మా అంటే, "కోసేవాళ్ళు గుండె ఒక్కటే చూస్తారా?" అంది. విందు మెలిదోనిస్‌కి తగ్గట్టే ఉంది: గుమ్మడికాయ బూరెలు, నిప్పుల మీద కాల్చిన ఆక్టోపస్, రెండు అంతస్తుల కేకు. మధ్యలో వాడి ఫొటో. తెల్ల బెల్‌బాటం, బొడ్డుదాకా విప్పిన చొక్కా, గొలుసు, ఆ జుట్టు. వ్రసీదాస్ ఫొటోని ఓసారి చూసి, కుర్చీని కొంచెం పక్కకి తిప్పుకున్నాడు.

పాటలు మోగాయి. నిజం చెప్పాలంటే రొయ్యల తోకలు ఎవరూ విరవలేదు. చావు ఏ గొంతునైనా కాస్త మెరుగుపరుస్తుంది. మాలో ఒకరు రెండో పాటకి కళ్ళు తుడుచుకుని ఉల్లిపాయ మీద నేరం పెట్టారు.

పోయినవాళ్ళకి తాగేటప్పుడు మేం గ్లాసులు తాకించం. చప్పుడు లేకుండా ఎత్తి, చప్పుడు లేకుండా దించుతాం; తాకిస్తే బతికున్నవాళ్ళ శబ్దం. మేమంతా అలాగే తాగాం. కానీ నేను లెమోన్యాని చూస్తున్నాను. ఆవిడ ప్రతిసారీ గ్లాసు ముందుకి చాచి, ఫొటో చట్రానికి మెల్లగా తాకించింది. టింగ్. ఎవరూ పట్టించుకోలేదు. దుఃఖంలో మనిషికి నియమాలు గుర్తుండవనుకున్నాను.

నాలుగో సీసాకి కొట్టు గుమ్మంలో ఒక నల్లబట్టల ముసలమ్మ నిలబడింది. చేతిలో ఉడికించిన గోధుమల పళ్ళెం, మీద పంచదార, దానిమ్మ గింజలు. చచ్చినవాళ్ళ పేర పంచేది. నేను ఎవాంథియాని, అర్గీరిస్ మెలిదోనిస్ పెళ్ళాన్ని, అని చెప్పుకుంది. మేమందరం లేచాం. మా ఆయన కోసం ఇక్కడ ఇంతమంది కూడారని ఎవరో చెప్పారనీ, నమ్మలేకపోయాననీ అంది. పడవల రంగులు అమ్మేవాడట, యాభై ఏళ్ళు అమ్మినా ఒక్క స్నేహితుణ్ణి సంపాదించుకోలేదట. అంత్యక్రియలకి మోసేవాళ్ళని కూడా డబ్బిచ్చి పిలిచారట.

"మీరంతా ఆయన్ని ఇంతగా..." అంటూ ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది. ఫొటో చూసింది. పళ్ళెం కింద పెట్టింది.

"ఇది మా ఆయన కాదు. ఇది వాళ్ళ పెదనాన్న కొడుకు. ఆ జుట్టువాడు."

తాత అర్గీరిస్ మెలిదోనిస్‌కి నలుగురు కొడుకులు. నలుగురూ తమ మొదటి కొడుక్కి తాత పేరు పెట్టారు, ఎవరైనా పెట్టేదే. ఒకటే పేరు, ఒకటే ఇంటిపేరు, నలుగురు మనుషులు. ఇది మాకు తట్టకపోవడం సిగ్గుచేటు. వ్రసీదాస్‌కే తన పేరుతోనే ఇద్దరు బాబాయిల కొడుకులున్నారు. వాళ్ళలో ఒకడికి రావలసిన ప్రేమలేఖ ఈయన ఇంటికొచ్చి, ఈయన భార్య ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులన్నీ ఈయనతో మాట్లాడలేదు.

"మరి పాడేవాడు?" అన్నాడు రిజోస్.

"వాడికేం, ఏథెన్స్‌లో తుంటి విరగ్గొట్టుకుని కూర్చున్నాడు," అంది ఎవాంథియా. "చావుకి రాలేదు, దండ పంపాడు. దాని మీద తన పేరు ఇంత లావున రాయించాడు. చూసినవాళ్ళంతా మా ఆయన తనకి తనే దండ పంపుకున్నాడనుకున్నారు."

వ్రసీదాస్ మెల్లగా కుర్చీ తిప్పుకుని లెమోన్యా వైపు తిరిగాడు. ఆవిడ ఒక్కతే ఆశ్చర్యపోలేదని మా అందరికీ ఒకేసారి కనబడింది.

"మీకు తెలుసా లెమోన్యా గారూ?" అన్నాడు. కోపమొస్తేనే ఆయన ఆవిడని గారూ అంటాడు.

"కాగితంలో వయసు ఎనభై నాలుగు. నావాడికి ఇవాళ్టికి ఎనభై తొమ్మిది. నాకూ కళ్ళజోడుంది."

"చెప్పలేదే?"

"మీరు వయసు అడగలేదుగా." ఆవిడ గ్లాసు తిప్పుతోంది. "వాడు చావడు అధ్యక్షా. ఎదురుచూశాను, చావడు. సోమవారం నన్ను కోస్తారు. ఇద్దరిలో ఎవరో ఒకరు సర్దుకోవాలిగా."

వ్రసీదాస్ నుదురు ఎర్రబడింది. ఈ పుట్టినరోజు చెల్లదని చెప్పాడు. తిన్నది తిన్నాంగానీ చెల్లదు, చరిత్రలోకి ఎక్కదు, ఫొటో తీసెయ్యమన్నాడు. రిజోస్ చేతులు ఫొటో దాకా వెళ్ళి ఆగిపోయాయి. లెమోన్యా అభ్యంతరం చెప్పలేదు. అదే నన్ను బాధపెట్టింది. తిట్లకి పెట్టింది పేరైన మనిషి నోరు మూసుకుని, చేతిసంచి కోసం వెతుక్కుంటోంది.

అప్పుడు ఎవాంథియా, ఎవరూ అడక్కుండానే, నల్లసంచిలోంచి ఫోన్ తీసి ఒక మీట నొక్కి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది. "చెల్లుతుందో లేదో వాణ్ణే అడగండి. చావుకి రాలేదుగా, కనీసం ఇది విననీ."

ఫోన్ మోగింది. చాలాసేపు మోగింది. తర్వాత ఎండు అంజీర నములుతున్నట్టున్న గొంతు: "ఎవరది?"

అందరం లెమోన్యా వంక చూశాం. ఆవిడ ఫోన్ మీదికి వంగింది, ఎవరి చెవిలోనో చెప్తున్నట్టు.

"నేను లెమోన్యాని. వోలోస్ నుంచి. మీ జుట్టు కుట్టినదాన్ని."

రేవులో ఒక తాడు తడిగా సాగి మళ్ళీ వదులైంది.

"అది ఇంకా ఉంది," అంది ఆ గొంతు. "పెట్టెలో దాచాను. మా పిల్లి అందులో పిల్లల్ని పెట్టింది. నీ కుట్టు మాత్రం ఊడలేదు."

లెమోన్యా నవ్వింది. వ్రసీదాస్ ఫొటోలోని జుట్టు వంక చూశాడు, మళ్ళీ చూశాడు. నలభై ఏళ్ళ రహస్యం రొయ్యల పళ్ళేల మధ్య బయటపడి, అంత పెద్ద చప్పుడేమీ చెయ్యలేదు.

ఇవాళ మీ పుట్టినరోజు చేశామని ఆవిడ చెప్పింది. మీరు పోయారనుకుని, అని కూడా చెప్పింది. ఆ మాటకి ఆయనకి కోపం రాలేదు. ఎంతమంది వచ్చారని అడిగాడు.

లెమోన్యా చుట్టూ చూసింది. మేం ఆరుగురం, ఒక విధవ, పక్క బల్ల దగ్గర ఎండకి కందిపోయిన ఇద్దరు జర్మన్లు.

"జాగా లేదండీ," అంది. "వీధిలో నిలబడ్డారు."

"ఎవరు నాట్యమాడారు?"

డాక్టర్ల సలహా మీద మా సంఘంలో ఆటలు ఎప్పుడో ఆగిపోయాయి. మా వైపు ఆ ఆట ఒక్కరే ఆడాలి; ఇంకెవరో ఒకరు ముందు మోకాలు వంచి కూర్చుని చప్పట్లు కొట్టాలి, లేకపోతే ఆడేవాడు అనాథ.

"ఎవరూ ఆడలేదా?" అంది గొంతు. "అయితే నేనింకా చావలేదన్నమాట."

లెమోన్యా లేచింది. కూర్చోమన్నాను, మెట్లే ఎక్కొద్దన్నారు నిన్ను అన్నాను. "ఇక్కడ మెట్లు లేవుగా," అంది. బల్లల మధ్య ఉన్న కాస్త జాగాలో నిలబడి రెండు చేతులూ చాపింది. ఫోన్లో ముసలాయన పాడటం మొదలుపెట్టాడు. గొంతు సగం లేదు, శ్రుతి అసలే లేదు, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి కోసం సందు. ఆ సందుల్లో లెమోన్యా అడుగు వేసింది. నేల మీద ఏదో పడిపోతే వెతుకుతున్నట్టు, దొరికితే తీసుకోవాలో వద్దో తేల్చుకోలేనట్టు, మెల్లగా గుండ్రంగా తిరిగింది. కొత్త రంగు జుట్టు మీద మధ్యాహ్నపు ఎండ రాగిలా కారింది.

ఎవరూ మోకాలు వంచలేదు. నా తుంటి వంగదు. రిజోస్ చేతిలో పళ్ళేలున్నాయి. అందరికీ ఏదో ఒకటి ఉంది.

వ్రసీదాస్ కోటు విప్పాడు. దాన్ని మడత నలగకుండా కుర్చీకి తగిలించాడు. జేబురుమాలు తీసి నేల మీద పరిచాడు, నాలుగు మూలలూ సర్దాడు, దాని మీద ఒక మోకాలు ఆనించాడు. ఎముక ఒకటి ఫట్‌మంది. కుక్కపాటకి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళుగా మాకు తాళం నేర్పిన ఆ మహాపండితుడు ప్రతి చప్పటా తప్పు కొట్టాడు. లెమోన్యా ఆయన తప్పుల మీదే అడుగులు వేసుకుంది.

పాట అయిపోయింది. ఆవిడ బల్ల పట్టుకుని, ఊపిరి తీసుకుని, గ్లాసెత్తింది. వ్రసీదాస్ నేల మీదనుంచే తన గ్లాసు అందుకున్నాడు. కాసేపు దాన్ని గాలిలో అలాగే పట్టుకున్నాడు, ఏ నియమం కిందకి వస్తుందో చూసుకుంటున్నట్టు. తర్వాత పైకి చాచి ఆవిడ గ్లాసుకి గట్టిగా తాకించాడు.

"నూరేళ్ళు," అన్నాడు. ఎవరికో చెప్పలేదు.

ఆ తర్వాత లేవబోయాడు. లేవలేదు. బల్ల కోడు పట్టుకున్నాడు, బల్ల కదిలింది. రిజోస్ ఒక చెయ్యి, నేనో చెయ్యి పట్టి లాగాం. ఒక గ్లాసు పడి పగిలింది, ఎవాంథియా శిలువ గుర్తు వేసుకుంది, జర్మన్లలో ఒకతను సాయానికి లేచి ఆయన మీదే కూలబడ్డాడు.

"ఏమైంది అక్కడ?" అంది ఫోన్. "ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదండీ," అంది లెమోన్యా. "ఇంకోటి పాడండి."